పెంటియం 2 తీసి పెంటియం 3: నాన్న డీటీపీ మెషీన్ డైరీ

జనవరి 18

సంక్రాంతికి గుంటూరు వెళ్ళి వస్తూ నాన్న డీటీపీ సెంటర్ (కంప్యూటర్ మీద ముద్రణకి పేజీలు తయారుచేసే షాపు) మెషీన్‌ని హైదరాబాద్ తెచ్చేశాను. కారు వెనక సీట్లో రెండు దిండ్ల మధ్య పెట్టి, సీటు బెల్టు కట్టాను. 1999లో కొన్నది. తెల్ల క్యాబినెట్ ఇప్పుడు పచ్చబారింది. లోపల ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని ర్యామ్‌తో, మిగతా కార్డులతో కలిపే చిప్పులు) ఉన్న మదర్‌బోర్డు, పెంటియం 2 350 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, గుళ్ళ వార్షికోత్సవ సంచికలు, ఎన్నికల స్లిప్పులు... పదమూడేళ్ళు సెంటర్ మొత్తం దీని మీదే నడిచింది.

ఆ పదమూడేళ్ళ పనీ ఇందులోనే ఉండిపోయింది. ఫైళ్ళన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 6.5 సాఫ్ట్‌వేర్‌వి. ఫాంట్లు యూనికోడ్‌కి ముందు కాలంవి. అంటే ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన ఫాంట్లు. అవి లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పేజీ నిండా పిచ్చి గీతలే. ఆ ఫాంట్ల సాఫ్ట్‌వేరేమో ప్యారలల్ పోర్టుకి తగిలించే లాక్ ఉంటే తప్ప తెరుచుకోదు. దాని సీడీ గీతలు పడి చదవడం మానేసింది. కాబట్టి ఈ హార్డ్ డిస్క్ మీద ఎక్కించి ఉన్నదే మాకు మిగిలిన ఒకే ఒక్క కాపీ.

నేను అనుకున్న దారి ఇది: ఈ మెషీన్ మీదే ఒక్కో ఫైలు తెరిచి పోస్ట్‌స్క్రిప్ట్‌గా (పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే ఫైలుగా) ప్రింట్ చేసి, అక్రోబాట్ డిస్టిలర్ 4.0తో పీడీఎఫ్ చెయ్యడం. ఫాంట్ పీడీఎఫ్ లోపలే ఉండిపోతుంది కనుక ఆ తర్వాత ఏ ఫోన్‌లో తెరిచినా అక్షరం చెదరదు. గుంటూరు ఇంటి దగ్గరే ఒక ఫైలు చేసి చూశాను. 72 పేజీల గుడి సంచిక, నిండా స్కాన్ చేసిన ఫొటోలు. డిస్టిలర్ 11 నిమిషాల 20 సెకన్లు తీసుకుంది. నాన్న లెక్క ప్రకారం మొత్తం ఫైళ్ళు 1,100 పైచిలుకు. అన్నీ ఇంత పెద్దవి కావు గానీ, ప్రాసెసర్ మార్చాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

పెంటియం 4 మెషీన్ ఒకటి వెతికి డిస్క్ అందులో పెట్టొచ్చు కదా అని తమ్ముడు అన్నాడు. బోర్డు మారితే విండోస్ 98 ప్రతి పరికరాన్నీ మళ్ళీ గుర్తుపట్టడం మొదలుపెడుతుంది, డ్రైవర్లు అడుగుతుంది. ఆ గొడవలో ఫాంట్ల సాఫ్ట్‌వేర్ చెడిపోతే తిరిగి ఎక్కించడానికి నా దగ్గర ఏమీ లేదు. అదే బోర్డులో ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే విండోస్‌కి పెద్దగా పట్టదు. పైగా ఈ మెషీన్ ముందు కూర్చునే నేను ఒత్తులు ఎక్కడ పడతాయో నేర్చుకున్నాను. దీన్నే నిలబెట్టాలని ఉంది.

జనవరి 21

మూడు రాత్రులు శుభ్రం చెయ్యడానికే సరిపోయాయి. బ్లోయర్, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అన్నిటికంటే ముందు హార్డ్ డిస్క్ ఇమేజ్ తీసి రెండు చోట్ల దాచాను. అది అయ్యేదాకా వేరే దేని మీదా చెయ్యి వెయ్యలేదు. బయాస్ (ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం) సెట్టింగ్‌లు నిలిపే బ్యాటరీ సీఆర్2032 మార్చాను.

పాత పవర్ సప్లై మూత తీస్తే రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. 5 వోల్టుల తీగ మీద మల్టీమీటర్ 4.81 చూపించింది. కొత్తది కొన్నాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ కాలం పవర్ సప్లైలు బలమంతా 12 వోల్టుల వైపు పెట్టుకుంటాయి. ఈ బోర్డు మాత్రం ప్రాసెసర్‌కి కావలసిన కరెంటు 5 వోల్టుల నుంచే లాగుతుంది. కాబట్టి డబ్బా మీద మొత్తం వాట్లు కాదు, 5 వోల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి కొనాలి. నేను తీసుకున్నదానికి 15 ఆంపియర్లు. చాలు.

జనవరి 24

ఈ రోజు బోర్డు చదివాను. చదవడం అంటే నిజంగా భూతద్దం పెట్టి చిప్పుల మీద అక్షరాలు చదవడమే.

440బీఎక్స్ 1998లో వచ్చింది. 100 మెగాహెర్ట్జ్ బస్ (ప్రాసెసర్‌కీ చిప్‌సెట్‌కీ మధ్య దారి) స్పీడుతో నడిచే చిప్‌సెట్. పెంటియం 2 కోసం వచ్చినా, తర్వాత వచ్చిన పెంటియం 3లనూ మోసింది. ప్రాసెసర్ కూర్చునేది స్లాట్ 1లో, వీడియో గేమ్ క్యాసెట్ లాంటి నల్ల డబ్బా. అప్పట్లో ఎల్2 క్యాష్ మెమరీ (తరచూ కావలసినవి ప్రాసెసర్ దగ్గరే ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ) ప్రాసెసర్ చిప్ లోపల పట్టేది కాదు. దాన్ని వేరే చిప్పులుగా పక్కన పెట్టి, అంతా కలిపి ఒక చిన్న బోర్డు మీద అమర్చి డబ్బాలో మూసేవారు. నాన్న పెంటియం 2లో 512 కేబీ క్యాష్ ఉంది గానీ అది ప్రాసెసర్ స్పీడులో సగానికే, అంటే 175 మెగాహెర్ట్జ్‌కే నడుస్తుంది.

1999 అక్టోబరులో ఇంటెల్ కాపర్‌మైన్ పేరుతో పెంటియం 3ని మార్చి విడుదల చేసింది. క్యాష్ 256 కేబీకి తగ్గింది, కానీ చిప్ లోపలికే వచ్చేసి పూర్తి స్పీడుతో నడవడం మొదలుపెట్టింది. తయారీ 0.25 మైక్రాన్ నుంచి 0.18కి దిగింది. పెంటియం 2లో 75 లక్షల ట్రాన్సిస్టర్లు ఉంటే, ఇందులో సుమారు 2 కోట్ల 80 లక్షలు. పేరులో రాగి ఉన్నా లోపలి తీగలు అల్యూమినియంవే. నాకు బాగా నచ్చే విషయం వేడి. 350 మెగాహెర్ట్జ్ పెంటియం 2, 850 మెగాహెర్ట్జ్ కాపర్‌మైన్, రెండూ దాదాపు 22 వాట్లే తింటాయి. ఎందుకంటే రెండోది 0.18 తయారీది, పైగా 2 వోల్టులకు బదులు 1.65తో నడుస్తుంది.

చిక్కంతా ఆ 1.65 దగ్గరే.

బోర్డు మీద ప్రాసెసర్ వోల్టేజీని తయారుచేసే చిప్ ఒకటుంటుంది. స్లాట్ పక్కన కాయిల్స్ మధ్య దొరికింది: హెచ్‌ఐపీ6019సీబీ. ఇందులో రెండు రకాలున్నాయి. చివర బీసీబీ అని ఉంటే 1.3 వోల్టుల వరకూ దిగగలదు. ఉత్త సీబీ అయితే 1.8 దగ్గర ఆగిపోతుంది. మధ్యలో ఆ ఒక్క 'బీ' ఉందేమోనని మూడుసార్లు తుడిచి చూశాను. లేదు.

ఫ్రీక్వెన్సీ, పిన్నులు చూసి ప్రాసెసర్ కొనేసేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. స్లాట్‌లో పడుతుంది, చిప్‌సెట్ ఒప్పుకుంటుంది, అయినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ముందు ఈ వోల్టేజీ చిప్ పేరు చదవండి. తర్వాతే డబ్బు తియ్యండి.

జనవరి 25

దారులు మూడు కనిపించాయి. మొదటిది, కాపర్‌మైన్ కంటే ముందొచ్చిన కాట్మాయ్ రకం పెంటియం 3. 600 మెగాహెర్ట్జ్ వరకూ దొరుకుతుంది, 2 వోల్టుల దగ్గరే నడుస్తుంది, ఏ గొడవా లేదు. కానీ క్యాష్ మళ్ళీ సగం స్పీడే, వేడి కూడా బాగా ఎక్కువ. రెండోది, ఆ చిప్‌నే తీసి బీసీబీ అతికించడం. 28 కాళ్ళ చిప్. చెయ్యగలిగినవాళ్ళున్నారు. నాన్న మెషీన్ మీద నా సోల్డరింగ్ ప్రయోగం చెయ్యను.

మూడోది స్లాట్‌కెట్. సాకెట్ 370 ప్రాసెసర్‌ని స్లాట్ 1లో కూర్చోబెట్టే అడాప్టర్ కార్డు. క్యాష్ లోపలికి వచ్చాక డబ్బాతో పని లేకుండా పోయి, ఇంటెల్ మళ్ళీ సాకెట్‌కి వెళ్ళిపోయింది. ఆ రెండు కాలాలకూ వంతెన ఇది. మంచి స్లాట్‌కెట్ మీద వోల్టేజీ మార్చుకునే జంపర్లు (పిన్నుల మీద తొడిగే చిన్న తొడుగులు) ఉంటాయి. 1.8 పెడితే బోర్డు ఒప్పుకుంటుంది, కాపర్‌మైన్ కూడా ఆ కాస్త ఎక్కువని తట్టుకుంటుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది కనుక 22 వాట్లు 27 వరకూ వెళ్ళొచ్చు. మంచి హీట్‌సింక్ పెడితే సరి.

పెంటియం 3 850 ఆర్డర్ పెట్టాను, 100 బస్‌ది. 133 బస్ ప్రాసెసర్లు కూడా ఉన్నాయి గానీ 440బీఎక్స్‌ని 133కి తోస్తే ఏజీపీ (గ్రాఫిక్స్ కార్డు కూర్చునే స్లాట్) 66కి బదులు 89 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు తట్టుకోకపోవచ్చు. కాపర్‌మైన్‌లకి మల్టిప్లయర్ (బస్ స్పీడుకి ప్రాసెసర్ ఎన్ని రెట్లు నడవాలో చెప్పే అంకె) లాక్ చేసి ఉంటుంది. 8.5 రెట్లు అంటే 8.5 రెట్లే, బోర్డు మీద ఏ జంపర్ పెట్టినా మారదు.

ఫిబ్రవరి 3

పార్సిళ్ళు రెండూ వచ్చాయి. ప్రాసెసర్ బాగుంది, నీలం అద్దంలాంటి చిన్న డై (అసలు సిలికాన్ ముక్క) మీద ఒక్క గీత లేదు. స్లాట్‌కెట్ మీద మాత్రం జంపర్లు లేవు. అమ్మినతను పెట్టిన ఫొటోలో జంపర్లున్నాయి, పంపింది వేరే రకం. చాలా కోపం వచ్చింది. వాపసుకి ఒప్పుకున్నాడు గానీ రెండు వారాలు పడుతుందన్నాడు.

ఈలోగా ఒకసారి పెట్టి చూశాను. ఫ్యాన్ తిరిగింది. బీప్ లేదు, స్క్రీన్ లేదు. వోల్టేజీ కాయిల్ దగ్గర మల్టీమీటర్ సున్నా. అనుకున్నదే అయింది. ప్రాసెసర్ 1.65 అడిగింది, బోర్డుకి ఆ మాట అర్థం కాలేదు, ఏమీ ఇవ్వలేదు.

కాంటాక్టుల మీద టేప్ అంటించి వోల్టేజీ మార్చే పాత చిట్కా ఒకటుంది. రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ప్రాసెసర్ తన వోల్టేజీని ఐదు తీగల మీద అడుగుతుంది. గ్రౌండ్‌కి కలిస్తే 0, వదిలేస్తే 1. 1.65కి కోడ్ 01000. నాకు కావలసిన 1.80కి 00101. టేప్ అంటిస్తే 0 కాస్తా 1 అవుతుంది, అంతే. 1ని 0 చెయ్యలేదు. నాకేమో రెండో స్థానంలో ఉన్న 1 పోవాలి. దాన్ని తీగతో గ్రౌండ్‌కి కలిపి ఊరుకుంటే 00000, అంటే 2.05 వోల్టులు. పొరపాటున మొదటి తీగ మీద టేప్ పడితే 11000, అది 2.7. ప్రాసెసర్ కాలిపోతుంది. ఒక తీగ కలిపి, రెండు తీగలు విడదీస్తే తప్ప 1.80 రాదు.

కాగితం మడిచి పెట్టాను. జంపర్లున్న స్లాట్‌కెట్టే కావాలి.

ఫిబ్రవరి 7

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు. పొద్దున వెళ్ళి కింది నుంచి పైదాకా అడుగుతూ పోయాను. కుర్ర షాపులవాళ్ళకి స్లాట్ 1 అంటే తెలియలేదు. నాలుగో గంటలో ఒక రిపేరు షాపులో పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి, "స్లాట్ వన్‌దా? ఎన్నేండ్లైంది బాబూ ఆ పేరు విని" అన్నారు. వెనక అరల్లో చూస్తానన్నారు. అరగంట తర్వాత దుమ్ము పట్టిన ప్లాస్టిక్ సంచితో వచ్చారు. అందులో రెండు స్లాట్‌కెట్లు, ఒకదాని మీద జంపర్ల వరుస, వెనకవైపు అచ్చు వేసిన వోల్టేజీ పట్టిక. "ఏం చేస్తవ్ దీంతోని?" అని అడిగితే నాన్న ఫైళ్ళ సంగతి చెప్పాను. ఆయన డబ్బు తీసుకోనంటే బలవంతంగా 300 చేతిలో పెట్టాను. సాకెట్ 370 హీట్‌సింక్ కూడా ఒకటి ఇచ్చారు, అడుగు రాగిది.

ఫిబ్రవరి 8

జంపర్లు 1.80కి పెట్టి, పట్టికతో రెండుసార్లు సరిచూశాను.

హీట్‌సింక్ బిగించేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఈ ప్రాసెసర్లకి పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ డై బయటికే ఉంటుంది. క్లిప్ నొక్కుతున్నప్పుడు సింక్ ఒక పక్కకి వాలితే డై మూల విరిగిపోతుంది. థర్మల్ పేస్ట్ బియ్యపు గింజంత పెట్టి, ఎదురుగా ఉన్న కొక్కెం ముందు తగిలించి, సింక్‌ని బొటనవేలితో సమంగా అదిమి పట్టుకుని రెండో కొక్కెం స్క్రూడ్రైవర్‌తో దించాను. ఇదంతా స్లాట్‌కెట్‌ని బల్ల మీద పెట్టి చెయ్యాలి. స్లాట్‌లో నిలబెట్టాక చేస్తే బోర్డు మీద బరువు పడుతుంది.

పెంటియం 2 డబ్బా రెండు చివర్ల క్లిప్పులు లోపలికి నొక్కి పైకి లాగాను. ఇన్నేళ్ళ తర్వాత కదలడానికి కొంచెం మొండికేసింది. దాని చోట స్లాట్‌కెట్ పెట్టి పవర్ ఇచ్చాను. కాయిల్ దగ్గర 1.81 వోల్టులు. ఒక్క బీప్. స్క్రీన్ మీద పెంటియం 3, 850.

నాన్నకి ఫోన్ చేశాను. ఎత్తగానే "ఏరా, లేచిందా?" అన్నారు.

"లేచింది నాన్నా. 850 చూపిస్తోంది."

"సంచిక ఫైలు పెట్టి చూడు ముందు."

పెట్టాను. 16 నిమిషాల 5 సెకన్లు. పాతదాని కంటే దాదాపు ఐదు నిమిషాలు ఎక్కువ. మళ్ళీ పెట్టాను, అంతే. అసలు విండోస్ లోడ్ అయ్యేటప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది. ప్రతి మెనూ ఆగి ఆగి తెరుచుకుంటోంది.

ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ పాత వెర్షన్ తెరిస్తే సంగతి తెలిసింది. ఎల్2 క్యాష్ ఎదురుగా ఖాళీ. ఈ బోర్డు బయాస్ 1998 నాటిది, కాపర్‌మైన్ పుట్టకముందుది. ప్రాసెసర్‌ని నడిపింది గానీ దాని క్యాష్‌ని ఆన్ చెయ్యడం దానికి తెలియదు. ఎల్2 క్యాష్ లేకపోతే మాటిమాటికీ ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్ళి రావాలి. 850 మెగాహెర్ట్జ్ అంతా ఆ ఎదురుచూపులోనే పోతుంది.

ఫిబ్రవరి 10

బయాస్ ఫ్లాష్, అంటే పాత బయాస్ మీద కొత్తది రాయడం. మొత్తం పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. ముందే చెయ్యాల్సిన పని ఇది. ఫ్లాష్ మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోతుందన్న భయంతో వాయిదా వేశాను. "పొద్దున్నే చెయ్యి, కరెంటు నిలకడగా ఉంటుంది" అన్నారు నాన్న. ఐదున్నరకి లేచాను, యూపీఎస్ కూడా పెట్టాను.

మళ్ళీ పెంటియం 2ని పెట్టాను. ఫ్లాష్ చేసేటప్పుడు పాత బయాస్‌కి బాగా తెలిసిన ప్రాసెసరే ఉండాలి. ఇంట్లో ఉన్న పదకొండు ఫ్లాపీల్లో ఎనిమిది చెడిపోయాయి. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని పూర్తిగా ఫార్మాట్ చేసి, ఒక్క బ్యాడ్ సెక్టార్ కూడా లేదని చూసుకున్నాక బూట్ ఫ్లాపీ చేశాను. ముందు పాత బయాస్‌ని ఫ్లాపీలోకి సేవ్ చేసి, ఆ తర్వాతే కొత్తది రాశాను. తెల్ల గళ్ళు ఒక్కొక్కటే నిండుతుంటే కుర్చీ లోంచి కదల్లేదు. నిమిషం కూడా పట్టలేదు.

రీస్టార్ట్. సెట్టింగ్‌లన్నీ డీఫాల్ట్‌కి తెచ్చి, ప్యారలల్ పోర్టుని పాత మోడ్‌లోనే ఉంచి (లాక్ దానికే అలవాటు పడింది), ఆఫ్ చేసి, స్లాట్‌కెట్ మళ్ళీ పెట్టాను. ఈసారి సీపీయూ-జెడ్‌లో ఎల్2 256 కేబీ, పూర్తి స్పీడు. బయాస్‌లో కొత్తగా ఒక వరుస కూడా వచ్చింది: ప్రాసెసర్ సీరియల్ నంబర్. పెంటియం 3 ప్రతి చిప్‌లోనూ ఒక గుర్తింపు నంబర్ పెట్టినందుకు 1999లో పెద్ద గొడవ జరిగింది. ఆఫ్ చేసేశాను.

సంచిక ఫైలు: 4 నిమిషాల 50 సెకన్లు.

వెంటనే ఇంకో రెండుసార్లు పెట్టాను, నాలుగైదు సెకన్ల తేడా అంతే. క్లాక్ స్పీడు 2.4 రెట్లు పెరిగితే పని 2.3 రెట్లు వేగంగా అయింది. మిగిలిన కొంచెం హార్డ్ డిస్క్ పాపం అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 14

ర్యామ్. 256 ఎంబీ కడ్డీ పెడితే 128 అనే చూపించింది. చిప్పులు ఒక్కవైపే ఎనిమిది ఉన్నాయి. 440బీఎక్స్‌కి అంత సాంద్రత ఉన్న చిప్పులు అర్థం కావు. రెండువైపులా కలిపి పదహారు చిప్పులున్న 256 పెట్టాక సరిగ్గా చదివింది. 512 దాటించే ఆలోచన లేదు, విండోస్ 98కి అంతకు మించితే తలనొప్పులు వస్తాయి.

ఆరు గంటలు వరసగా నడిపాక హీట్‌సింక్ 44 డిగ్రీలు. కెపాసిటర్లు తాకి చూస్తే గోరువెచ్చగా ఉన్నాయి. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఫిబ్రవరి 22

డిస్టిలర్‌లో ఒక ఫోల్డర్‌ని కాపలా పెట్టే సదుపాయం ఉంది. అందులో పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు పడగానే తనంతట తానే పీడీఎఫ్ చేస్తుంది. కాబట్టి సాయంత్రాలు పేజ్‌మేకర్‌లో ఫైళ్ళు తెరిచి ప్రింట్ చెయ్యడం నా పని, రాత్రంతా నమిలేది మెషీన్ పని. ఇప్పటికి 1999, 2000 ఫోల్డర్లు అయిపోయాయి. 163 ఫైళ్ళు. నాలుగు తెరుచుకోలేదు, అవి అప్పట్లోనే చెడిపోయినవట.

నిన్న 2000 నాటి శుభలేఖ ఒకటి నాన్నకి వాట్సాప్‌లో పంపాను. చిన్నత్తయ్య పెళ్ళిది. కాసేపటికి ఫోన్ వచ్చింది.

"ముహూర్తం వరసలో 'లగ్నం' చూశావా? గ కింద న ఒత్తు నేను చేత్తో జరిపి పెట్టాను. ఆ ఫాంట్‌లో అది ఎప్పుడూ పక్కకి పోయేది."

జూమ్ చేసి చూశాను. ఒత్తు సరిగ్గా గ కిందే ఉంది.

"అలాగే ఉంది నాన్నా."

"2001లో సంచికలు ఎక్కువ. పెద్ద ఫైళ్ళు. మెల్లగా చెయ్యి."

ఇప్పుడే 2001లోంచి మొదటి ముప్ఫై ఫైళ్ళు కాపలా ఫోల్డర్‌లో వేశాను. మానిటర్ ఆఫ్ చేశాను. హార్డ్ డిస్క్ లైటు వెలిగి ఆరుతోంది.